పాత దాగలి అడుగుతున్న కొడుకు, భయపడుతున్న తండ్రి

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చివరి ఏడాది. కత్తులు చేసే వీడియోలు యూట్యూబ్‌లో చూసి చూసి, ఇప్పుడు కొలిమి పెడతానంటున్నాడు. మూతపడిన ఒక వర్క్‌షాపు సామానులో పాత దాగలి (కాల్చిన ఇనుమును పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ) దొరికిందట. దాని మీద 1 3 7 అని అంకెలున్నాయి కాబట్టి 137 కిలోలనీ, కిలో 200 చొప్పున 27,400 రూపాయలనీ అమ్మే అతను చెబుతున్నాడు. నేను ప్రభుత్వ టీచర్ని. మా ఇంటా వంటా లేని పని ఇది. ఇంత చదివించి కమ్మరి పనికి పంపామని నలుగురూ అనరా? పాతది కొనాలా, ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించాలా, రైలు పట్టా ముక్కతో సరిపెట్టాలా? అసలు ఈ దారిలో భవిష్యత్తు ఉందా? (ఒక తండ్రి, జగిత్యాల)

జవాబు: మాస్టారూ, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. సామాను పేరే మారుతుంది: ఒకరింట్లో కెమెరా, ఇంకొకరింట్లో డ్రోన్, మీ ఇంట్లో దాగలి. అడిగేది ధర గురించి, లోపల ఉన్నది పిల్లవాడు చేజారిపోతున్నాడేమోనన్న దిగులు. ముందు ఆ దిగులు సంగతి చెబుతాను. మంచి దాగలి అంత తొందరగా అరిగే వస్తువు కాదు. సరిగ్గా చూసి సరైన ధరకు కొంటే, రెండేళ్లకు మీవాడి మోజు తీరిపోయినా ఇంచుమించు అదే ధరకు అమ్ముకోవచ్చు. కోచింగ్ ఫీజుకు ఆ వెసులుబాటు లేదు. దీనివల్ల మీ ఇల్లూ గుల్ల కాదు, వాడి చదువూ చెడదు. చెడగొట్టేవి వేరే ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

ఆ అంకెలు 137 కిలోలు కావు. ఇంగ్లండ్‌లో తయారైన పాత దాగళ్ల మీద బరువును మూడు అంకెల్లో కొట్టేవారు. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కొక్కటి 112 పౌన్లు. రెండోది అందులో నాలుగో వంతులు, ఒక్కొక్కటి 28 పౌన్లు. మూడోది విడి పౌన్లు. లెక్క వేయండి: 112, మూడు ఇరవై ఎనిమిదులు 84, పైన 7. మొత్తం 203 పౌన్లు, అంటే 92 కిలోలు. కిలో 200 లెక్కన 18,400 అవుతుంది. అమ్మే అతను తెలియక చెప్పాడో, తెలిసే చెప్పాడో మనకు అనవసరం. పాత ఇనుము కొట్టులో కాటా మీద పెట్టించి, కాటా చూపిన బరువుకే డబ్బివ్వండి. తొమ్మిది వేలు అక్కడే మిగులుతాయి.

ఆ అంకెలు నిజమైనవైతే ఇంకో మంచి సంగతి ఉంది. అలాంటి దాగలి చాలావరకు చేత ఇనుప (పోత పోయకుండా సుత్తితో కొట్టి చేసిన ఇనుము) దిమ్మ మీద ఉక్కు పలక అతికించి చేసినదై ఉంటుంది. చేసేటప్పుడు ఎత్తి తిప్పడానికి నడుములోనో, అడుగునో చిన్న చదరపు గుంటలు పెట్టేవారు, వాటి కోసం చూడండి. పై నుంచి కింది దాకా మధ్యలో అచ్చు గీత కనిపించినా, చేత్తో తడిమితే గరుకుగా ఇసుక తగిలినట్టున్నా అది పోత అని గుర్తు. పోతలోనూ ఉక్కు పోత ఉంటే మంచిదే. పోత ఇనుముదైతే మాత్రం వద్దు. అది సుత్తి దెబ్బను మింగేస్తుంది, అంచులు పెళ్లలు పెళ్లలుగా లేస్తాయి. అసలు తేడా తేల్చేది ఎగురుడు పరీక్ష.

మీవాడితో 20 లేదా 25 మిల్లీమీటర్ల బేరింగ్ గుండు ఒకటి, 30 సెంటీమీటర్ల స్కేలు ఒకటి పట్టుకెళ్లమనండి. స్కేలును దాగలి ముఖం (పైనున్న చదును భాగం) మీద నిలువుగా పెట్టి, 25 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గుండు వదలాలి. 20 దాటి ఎగిరితే బంగారంలాంటి సరుకు. 17, 18 వచ్చినా కొనొచ్చు. 12 కూడా రాకపోతే మాట్లాడకుండా తిరిగొచ్చేయండి. ఒక్కచోట చూసి ఆగకూడదు. ముఖం మధ్యలో, తోక వైపు, రెండు అంచుల వెంబడి, ఇలా పది పన్నెండు చోట్ల వేయాలి. అంతటా బాగా ఎగిరి ఒక్కచోట చచ్చుబడిందంటే అక్కడ ఉక్కు పలక కింద అతుకు విడిపోయి ఉండొచ్చు. కొమ్ముకూ (ముందుకు పొడుచుకొచ్చిన మొన) ముఖానికీ మధ్య చిన్న మెట్టు ఉంటుంది, అక్కడ పరీక్షించి పెదవి విరవకండి. ఉలితో నరకడానికి దాన్ని మెత్తగానే వదిలేస్తారు.

తర్వాత చిన్న సుత్తితో ముఖం పొడవునా తడుతూ వినాలి. గంటలా ఖంగుమంటే మంచిది. జీరగా, గరగరమంటే ఎక్కడో పగులుంది. మట్టిలో పాతి ఉన్నప్పుడో, బోల్టులతో బిగించి ఉన్నప్పుడో మంచి దాగలి కూడా మూగగానే ఉంటుంది, అందుకే విప్పించి చెక్క దిమ్మ మీద పెట్టి వినమంటున్నాను. పగులు ఎక్కువగా తోక దగ్గరి చదరపు రంధ్రం మూలల్లోంచి మొదలవుతుంది. అక్కడ కిరోసిన్ రాసి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లండి. పగులుంటే లోపలి కిరోసిన్ పైకి ఊరి సుద్దలో సన్నని తడి గీత పడుతుంది. కొత్తగా రంగు వేసి ఉంటే గీకి చూడాల్సిందే. పుట్టీ కింద చాలా దాగుతాయి.

మెత్తబడిన ముఖాన్ని ఆకురాయి పట్టిస్తుంది. అంచు మీద పాత ఆకురాయి ఆనించి తోస్తే జారిపోవాలి. కొరికిందంటే అది అగ్నిప్రమాదంలో కాలిందో, వెల్డింగ్ వేడికి గట్టిదనం పోగొట్టుకున్నదో అన్నమాట. అంచులు అక్కడక్కడ చిట్లి ఉన్నాయని మాత్రం మంచి దాగలిని వదులుకోకండి. ఎలాగూ అంచును మూడు మిల్లీమీటర్ల మేర గుండ్రం చేసుకునే వాడతారు. ముఖం మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల పల్లం ఉన్నా పనికి అడ్డు రాదు, వంకర ఊచ సరిచేసేటప్పుడు ఉపయోగమే. 'మిల్లింగ్ చేయించి అద్దంలా చేసిస్తాం' అనేవాళ్లను దగ్గరికి రానివ్వద్దు. గట్టిపడిన ఉక్కు పైపొరలోనే ఉంటుంది, దాన్ని చెక్కేస్తే మిగిలేది మెత్తని దిమ్మే.

ఆన్‌లైన్ కొత్త వాటిలో చవకవి చాలావరకు రంగు వేసిన పోత ఇనుము. గుండు పరీక్ష చేసే వీలు లేకుండా కొనేది, తిప్పి పంపితే రవాణా ఖర్చు మన నెత్తిన పడేది నాకు నచ్చదు. పట్టా ముక్క మాత్రం మొదలుపెట్టేవాడికి నిక్షేపం. మన రైళ్లకు వేసేవి మీటరుకు 52 లేదా 60 కిలోలు తూగుతాయి, కాబట్టి 30 సెంటీమీటర్ల ముక్క 15 నుంచి 18 కిలోలు వస్తుంది. అడ్డంగా పడుకోబెడితే సన్నని నడుము దగ్గర ఊగుతుంది. నిలువుగా నిలబెట్టి మొద్దులో బిగిస్తే బరువంతా సుత్తి కిందికి వస్తుంది, చిన్న ముఖమైనా దెబ్బ తగులుతుంది. ఒక జాగ్రత్త: బిల్లు లేని పట్టా ముక్క ఇంట్లో ఉంటే 1966 నాటి రైల్వే ఆస్తుల చట్టం కింద కేసవుతుంది. రైల్వే వేలంలో కొన్న వ్యాపారి దగ్గరే, రసీదుతోనే తీసుకోండి.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి మాస్టారూ. 'ఇంత చదివించి కమ్మరి పనికా' అని రాశారు. మీ క్లాసులో కమ్మరి ఇళ్ల పిల్లలు కూర్చుంటారు. వాళ్లకు మీరు పాఠం చెబుతారు. ఇదే మాట వాళ్ల ముందు అనగలరా? కర్రు, కొడవలి, గొడ్డలి, గడ్డపార లేకుండా మీ ఊళ్లో ఏ పంట ఇంటికొచ్చింది? మీవాడు సిగ్గుపడాల్సిన పనేదీ చేయబోవడం లేదు. మెకానికల్ చదివే కుర్రాడు ఇనుము రంగు చూసి వేడి అంచనా వేయడం నేర్చుకుంటానంటే మురిసిపోవాల్సింది పోయి నలుగురి కోసం భయపడుతున్నారు. ఆ నలుగురూ వాడికి ఉద్యోగమూ ఇవ్వరు, వాడు మీతో మాట్లాడటం మానేస్తే మధ్యలోకి వచ్చి కలపరు కూడా. ఈ మాట నొప్పిస్తే క్షమించండి, కానీ వాడి తరఫున ఎవరో ఒకరు అనాలి.

ఇక నా అసలు అనుమానం దాగలి మీద కాదు, ఆ వీడియోల మీద. చూపించినంత సులువుగా కత్తులమ్మి బతకొచ్చంటే నేను నమ్మను. చాలామందికి రాబడి వీడియోకొచ్చే వ్యూస్ మీద, కత్తి మీద కాదు. సుత్తి పని ఒక పూటలో తెమిలిపోతుంది. ఆ తర్వాత గ్రైండింగ్, పదును పెట్టడం (కాల్చి నూనెలో ముంచి గట్టిపరచడం), పెళుసు తగ్గించడం, పిడి, సానపట్టడం ఉంటాయి. అందులో బెల్ట్ గ్రైండర్ ఒక్కటే దాగలి కంటే ఎక్కువ ఖర్చు పెట్టిస్తుంది, దాని దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. లారీ కమాను పట్టీతో చేస్తే ఎంత కష్టపడినా, అందులో ముందే ఉన్న కంటికి కనపడని పగులు చివరికి పదును పెట్టేటప్పుడు టక్కున బయటపడుతుంది.

ఒంటి మీద అలల గీతలుండే 'డమాస్కస్' కత్తుల మోజు ఇంకోటి. ఇప్పుడు ఆ పేరుతో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కు పొరలు కలిపి సాగగొట్టి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసి, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కెళ్లిన ఉక్కు పూర్తిగా వేరు. మీవాడికి ఆ చరిత్ర చదవమని చెప్పండి, వాడికి నచ్చుతుంది. కానీ పొరలు విడిపోకుండా అతకడం మొదటి ఏడాది పని కాదు.

చట్టం సంగతి ఆ వీడియోల్లో ఎవరూ చెప్పరు. తల్వార్లు, బాకులు, ఇంటికీ పొలానికీ వాడనివై 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న చాకులు ఆయుధ నిబంధనల కిందికి వస్తాయి. లైసెన్సు లేకుండా వాటిని అమ్మకానికి చేయబోతే స్టేషన్‌కు వెళ్లాల్సి వస్తుంది. ఆ వయసులో ఒక్క కేసు పడితే ఉద్యోగాలకు అదే అడ్డం. 'తల్వార్ చేస్తా' అన్న రోజున మాత్రం మీరు నిర్మొహమాటంగా వద్దనండి. కూరగాయల కత్తి, కొడవలి, తాటిగీత కత్తి చేస్తానంటే చేయనివ్వండి.

భవిష్యత్తు గురించి: డిప్లొమా పూర్తి చేయడం తప్పనిసరి, అది వాడితో ముందే ఒప్పందం చేసుకోండి. రైల్వే టెక్నీషియన్ పోస్టుల్లో బ్లాక్‌స్మిత్ అనే ట్రేడ్ ఇప్పటికీ ఉంది కానీ దానికి ఫోర్జర్ అండ్ హీట్ ట్రీటర్‌లాంటి ఐటీఐ ట్రేడ్ అడుగుతారు, డిప్లొమాతో సరిపోతుందనుకోవద్దు. వాడి చదువుకు దగ్గరి దారి డై (అచ్చు) తయారీ, హీట్ ట్రీట్‌మెంట్, ఫోర్జింగ్ కంపెనీలు. హైదరాబాద్ బాలానగర్‌లోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ కోర్సులు ఒకసారి చూడండి. చేత్తో ఇనుము సాగదీసిన కుర్రాడికి అక్కడ పాఠం వేగంగా ఎక్కుతుంది. పీఎం విశ్వకర్మ పథకంలో కమ్మరి పనికి 15,000 రూపాయల పనిముట్ల సాయం ఉంది కానీ ప్రభుత్వోద్యోగి కుటుంబానికి వర్తించదు. ఎవరైనా ఇప్పిస్తామని డబ్బడిగితే ఇవ్వకండి.

మొదటి నాలుగు నెలలు కత్తి జోలికి పోవద్దని వాడికి చెప్పండి. ఒక కిలో సుత్తి చాలు. 12 మిల్లీమీటర్ల ఊచతో కొక్కేలు, మేకులు, ఉలి, ఆ తర్వాత తన పట్టకారు తానే చేసుకోవాలి. ఒకే కొలతలో పది కొక్కేలు చేయగలిగితే చేయి కుదిరినట్టే. జింకు పూత ఉన్న పైపులు కొలిమిలో పెట్టకూడదు, ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. నూలు బట్టలు, కళ్లద్దాలు తప్పవు. నిలబడి కొట్టేవాడికి, చేయి వేలాడదీస్తే పిడికిలి తగిలే ఎత్తులో దాగలి ముఖం ఉండాలి. తుమ్మ మొద్దో, చింత మొద్దో దొరికితే దాని మీద మందపాటి రబ్బరు షీటు వేసి, దాగలి నడుముకు గొలుసు గట్టిగా చుట్టండి. మోత సగానికి సగం తగ్గి కాలనీ వాళ్లు గొడవకు రారు.

కొనడానికి వెళ్లేటప్పుడు గుండు, స్కేలు, ఆకురాయి, కిరోసిన్ సీసా, సుద్దముక్క వాడి సంచిలో పెట్టించండి. 92 కిలోలు ఇద్దరే ఎత్తడం ప్రమాదం, ట్రాలీ ఆటోతో పాటు రెండు మందపాటి పలకలు, ఇంకో ఇద్దరు మనుషులు కావాలి. బేరం వాడినే ఆడనివ్వండి, మీరు కాటా చూడండి.