పచ్చళ్ల పార్సిల్ నూనె కారకుండా, ఖర్చు పెరగకుండా పంపడం ఎలా: మా అనుభవం

బెంగళూరులో ఇంటి దగ్గర చేసిన పచ్చళ్లు కొరియర్‌లో పంపుతుంటే నూనె కారిపోతోందని, కొరియర్ ఖర్చుకే లాభం పోతోందని ఒకరు రాశారు. మేమూ బెంగళూరు కె.ఆర్.పురంలో ఇంటి నుంచే నాలుగేళ్లుగా ఆవకాయ, గోంగూర, కందిపొడి పంపుతున్నాం. మొదటి వేసవంతా మాకూ ఇదే టెన్షన్. అందుకే కాస్త వివరంగా రాస్తున్నానండి.

పార్సిల్ కారినప్పుడల్లా నేను పైన ఇంకో చుట్టు బబుల్ ర్యాప్, ఇంకో చుట్టు టేపు వేసేదాన్ని. అదే నేను చేసిన తప్పు. హైదరాబాద్ వెళ్లాల్సిన ఒక పార్సిల్ పదకొండు రోజుల తర్వాత మా గుమ్మంలోకే తిరిగొచ్చింది. నూనె అట్టలోకి పాకి, లేబుల్ మీద అడ్రస్ కనిపించకుండా పోయింది. హాస్టల్‌లో ఉంటూ, పండక్కి ఊరెళ్లడం కుదరక తెప్పించుకుంటున్న అమ్మాయి ఆర్డర్ అది. డబ్బు వెనక్కి ఇచ్చేశాను గానీ, చాలా రోజులు మనసులోంచి పోలేదు.

నూనె ఆగాల్సింది పచ్చడి నింపే పౌచ్ (కవరు) దగ్గరే. పెట్టె దెబ్బల నుంచి కాపాడుతుంది, అంతే. పచ్చడి నింపేటప్పుడు గరిటె నుంచి నూనె పౌచ్ మూతి లోపలి అంచుకు అంటుకుంటుంది. నూనె తగిలిన చోట మెషిన్‌తో వేసే సీల్ పట్టినట్టే కనిపిస్తుంది, కానీ పట్టదు. కాబట్టి నింపే ముందే పౌచ్ మూతిని చొక్కా చెయ్యి మడిచినట్టు రెండంగుళాలు బయటికి మడవండి. నింపాక మడత విప్పి, పొడి గుడ్డతో అంచు లోపల తుడిచి, గాలి నొక్కేసి, వేలెడు ఎడంలో రెండు సీళ్లు వేయండి. పీకల దాకా నింపొద్దు. ఎండకు నూనె వ్యాకోచిస్తుంది, దానికి చోటు ఉండాలి.

సీల్ వేసిన పౌచ్‌లన్నీ రాత్రి పాత పేపర్ మీద తలకిందులుగా, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. పొద్దున్నే పౌచ్ ఎత్తి చూస్తే, కారేదాని కింద పేపర్ మీద పసుప్పచ్చటి మరక ఉంటుంది. దాన్ని మళ్లీ సీల్ చేస్తాం. ఈ ఒక్క అలవాటుతోనే మాకు ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి. మా అత్తగారు ఇప్పటికీ కాఫీ కన్నా ముందు ఆ పేపర్ చూస్తారు. గాజు సీసాలు మాత్రం మేం మానేశాం. బరువు ఎక్కువ, పగిలితే తినేవాళ్లకే ప్రమాదం.

ఇక ఖర్చు సంగతి. కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె సైజు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. అసలు బరువు, ఈ లెక్క, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జి. అర కేజీ పచ్చళ్లు రెండు, పావు కేజీ పొడి ఒకటి, ప్యాకింగ్‌తో కలిపి దాదాపు 1.4 కేజీలు. దాన్ని మేం 30×25×20 పెట్టెలో పెట్టి 3 కేజీలకు కట్టేవాళ్లం! అదే సరుకు 22×18×15 పెట్టెలో పడితే సైజు లెక్క 1.2 కేజీల లోపే, కాబట్టి అసలు బరువుకే కడతాం. రెండు మూడు సైజులు చాలు. బెంగళూరులోనే సుల్తాన్‌పేట వైపు అట్టపెట్టెల షాపుల్లో, మీ పౌచ్‌లు వెంట తీసుకెళ్లి, పెట్టెలో పెట్టి చూసుకుని కొనండి. పచ్చళ్లకు 5 ప్లై (ఐదు పొరల అట్ట) అయితే నయం, వానాకాలంలో 3 ప్లై త్వరగా మెత్తబడుతుంది. టేపు మధ్య అతుకు మీదే కాకుండా, రెండు పక్కల అంచుల మీదా వేయండి.

థర్మల్ ప్రింట్ లేబుల్ (సిరా లేకుండా వేడితో ముద్రించేది) వేడికి, నూనెకి వెలిసిపోతుంది. పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ రాసిన చీటీ పెట్టె లోపల కూడా వేయండి. పిన్‌కోడ్ మాత్రం తప్పకుండా అడిగి సరిచూసుకోండి. విజయవాడ 520తో, గుంటూరు 522తో మొదలవుతాయి, కస్టమర్లు హడావిడిలో ఒకటి బదులు ఇంకొకటి రాసేస్తారు. ప్రైవేటు కొరియర్ వెళ్లని పల్లెలకు మేం స్పీడ్ పోస్ట్‌లో పంపుతాం.

క్యాష్ ఆన్ డెలివరీ వద్దనే నా సలహా. తలుపు దగ్గర వద్దన్నారంటే రానూపోనూ చార్జీ మీ మీదే పడుతుంది, పచ్చడీ నలిగిపోయి వస్తుంది. యూపీఐలో డబ్బు వచ్చాకే సీల్ మెషిన్ ఆన్ చేయండి. ఏప్రిల్, మే నెలల్లో శుక్రవారం సాయంత్రం తర్వాత దూరపు ఆర్డర్లు మేం కొరియర్‌కి ఇవ్వం. ఆదివారం గోడౌన్ వేడిలో పడుంటాయని, సోమవారం పికప్‌కి పెడతాం. ఆ మాట ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్తాం, ఇంతవరకు ఎవరూ కాదనలేదండి.