నర్సింగ్ థియరీలను మంచం పక్కన చదవాలి

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. నర్సింగ్ సిద్ధాంతాలు చెప్పిన నైటింగేల్, హెండర్సన్, ఓరెమ్ అంటూ రాత్రంతా బట్టీ పడుతుంది, తెల్లారేసరికి మర్చిపోతుంది. ఇంజెక్షన్ చేయడం, సెలైన్ పెట్టడం వస్తే చాలదా, ఈ థియరీలు డ్యూటీలో ఎక్కడ పనికొస్తాయి అని అడుగుతోంది. నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్ఎంలో చేర్పించి ఉంటే బాగుండేదా? – కావలి నుంచి ఒక తండ్రి

జవాబు: మీ అమ్మాయి అడిగింది సరైన ప్రశ్నే. థియరీని పేరు, సంవత్సరం, నిర్వచనం అని ముక్కలు చేసి నోట్సులో రాసుకుంటే ఎవరికీ గుర్తుండదు. అదే వార్డులో ఒక రోగిని ఎదురుగా పెట్టుకుని చదివితే మర్చిపోదామన్నా పోదు.

అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద పనిచేసే మనిషి, షుగరు ముదిరి కాలి పుండుతో చేరాడనుకోండి. డాక్టరుగారు కేస్ షీట్‌లో జబ్బు పేరు, మందులు రాసి వెళ్తారు. ఆ తర్వాత నర్సు ఏం చూడాలి? డొరోథియా ఓరెమ్ 1971లో పుస్తకంగా తెచ్చిన సిద్ధాంతం ఇక్కడ ఒకే ప్రశ్న అడగమంటుంది: ఈ మనిషి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడు, ఎక్కడ ఆగిపోతున్నాడు? ఆ లోటును నర్సు మూడు తీర్లుగా పూడుస్తుంది. ఏమీ చేసుకోలేని దశలో అంతా తానే చేస్తుంది, కొంత చేసుకోగలిగితే కలిసి చేస్తుంది, కోలుకున్నాక నేర్పించి అండగా ఉంటుంది. మన రోగి అన్నం తినగలడు, పక్క మీద తిరగగలడు. డ్రెస్సింగ్ మాత్రం చేసుకోలేడు. అంటే రెండో తీరు. డిశ్చార్జి నాటికి మూడో తీరుకు రావాలి.

అతనికి నేర్పాల్సినవాటిలో ఇన్సులిన్ ముఖ్యం. మన దగ్గర సీసాల్లో దొరికేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. మందుల షాపులో 100 యూనిట్ల నారింజ మూత సిరంజి ఇస్తే, దాని మీద 20 గీత దాకా లాగినా ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. షుగరు తగ్గదు, పుండు మానదు, తప్పు ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే ‘అర్థమైందా?’ అని అడిగి ఊరుకోకూడదు, రోగి చేతే లాగించి గీత చూడాలి. ఫ్రిజ్ లేని ఇల్లయితే తడి ఇసుక పోసిన మట్టికుండలో సీసాను చిన్న డబ్బాలో పెట్టి ఉంచమనాలి. నెల్లూరు ఎండల్లో బయట పెడితే మందు చెడిపోతుంది. పాదాలకు స్పర్శ పోయినవాళ్లకు గుంటలో ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు మానేదాకా నీళ్లలో దిగకూడదని, రోజూ పడుకునే ముందు అరికాళ్లు అద్దంలో చూసుకోవాలని ఇంటివాళ్లకూ చెప్పాలి. ఇదంతా ఓరెమ్ థియరీయే.

ఈ ఆలోచనను కాగితం మీద పెట్టేదే కేర్ ప్లాన్. అసెస్‌మెంట్ (రోగిని పరిశీలించడం), నర్సింగ్ డయాగ్నోసిస్ (నర్సు గుర్తించే సమస్య), ప్లానింగ్, అమలు, ఎవాల్యుయేషన్ (ఫలితం చూసుకోవడం) అని అయిదు మెట్లు. విద్యార్థులు ఎక్కువగా రెండో మెట్టులో జారతారు. ‘డయాబెటిస్’ అని రాస్తారు. అది డాక్టరు నిర్ణయించే జబ్బు. నర్సు రాయాల్సింది సమస్య, దాని కారణం, కనిపించిన లక్షణం: ‘ఇన్సులిన్ వాడే పద్ధతి తెలియకపోవడం వల్ల ఇంట్లో చూసుకునే సామర్థ్యం లేదు, సిరంజి గీతలు చదవలేకపోతున్నాడు’. లక్ష్యం దగ్గర ‘ఇన్ఫెక్షన్ తగ్గాలి’ అంటే కొలవడానికి ఏమీ ఉండదు. ‘డిశ్చార్జికి ముందు రోజు చెప్పిన మోతాదు తానే లాగి చూపిస్తాడు’ అని రాస్తే అయిందో కాదో తేలుతుంది. సీనియర్ల ఫైలు చూసి ఎవాల్యుయేషన్ గడి నింపే అలవాటు మాత్రం మొదటి రోజే మానాలి. రోగికి జరగని మార్పు కాగితం మీద జరిగినట్టు ఉంటే, తర్వాతి షిఫ్టు నర్సు దాన్నే నమ్ముతుంది.

మిగతా థియరీలకూ ఇదే దారి. వర్జీనియా హెండర్సన్ చెప్పిన 14 అవసరాలను ఊపిరి, ఆహారం, విసర్జన, నిద్ర అంటూ ఒక కాగితం మీద రాసుకుని, కొత్త రోగి దగ్గర ఆ వరసనే అడగాలి, ఏదీ తప్పిపోదు. నైటింగేల్ 1859లో రాసిన గాలి, వెలుతురు, శుభ్రమైన నీరు, చప్పుడు తగ్గించడం అన్నవి ఈ రోజు జనరల్ వార్డులోకి అడుగుపెట్టగానే కళ్లకు కనబడేవే.

శాస్త్రం ఎక్కడుందంటే, ‘ఎందుకు’ అన్నదానిలో ఉంది. మంచాన పడ్డ రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పమంటారు. నడుము కింది ఎముక, మడమల దగ్గర బరువు పడి సన్నటి రక్తనాళాలు మూసుకుపోతే చర్మానికి రక్తం అందదు, పుండు పడుతుంది. ఇలాంటి పుండు పడే ప్రమాదాన్ని కొలిచే బ్రేడెన్ స్కోరు 6 నుంచి 23 దాకా ఉంటుంది. 18 లేదా అంతకంటే తక్కువైతే ప్రమాదం ఉన్నట్టు. రెండు గంటలన్నది అందరికీ ఒకే లెక్క కాదు. చర్మం ఎర్రబడి వేలితో నొక్కినా తెల్లబడకపోతే ఇంకా ముందే తిప్పాలి. కారణం తెలిసిన నర్సే ఆ తేడా పట్టగలదు.

ఇక జీఎన్ఎం సంగతి. అది మూడేళ్లు, మీ అమ్మాయిది నాలుగేళ్లు. జీఎన్ఎం చేసినవాళ్లు డిగ్రీ కావాలంటే మరో రెండేళ్లు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవాలి. నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ పరీక్షను బీఎస్సీ వాళ్లు నర్సుగా రిజిస్ట్రేషన్ అయ్యాక నేరుగా రాయవచ్చు; జీఎన్ఎం వాళ్లకు 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. కాబట్టి కోర్సు మార్చే ఆలోచన పెట్టుకోకండి. ఎమ్మెస్సీకి వెళ్తే ఈ థియరీలే మళ్లీ లోతుగా వస్తాయి.

వచ్చే క్లినికల్ పోస్టింగ్‌లో వారానికి ఒక రోగి, ఒక థియరీ, ఒక కేర్ ప్లాన్ చొప్పున రాయమనండి. రాసింది ట్యూటర్‌కు చూపించి, లక్ష్యం కొలవగలిగేలా ఉందా అన్న ఒక్క మాట అడిగించుకోమనండి. పరీక్షకు సంవత్సరాలు, నిర్వచనాలు చివరి పది రోజుల్లో చూసుకోవచ్చు.