పెట్టె విప్పే ముందు

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. యూనివర్సిటీ ఆర్కైవ్స్, అంటే పాత కాగితాలు, ఫోటోలు దాచే విభాగం బాధ్యత నీకు అప్పజెప్పారని చదివి చాలా సంతోషించాను. గదినిండా అట్టపెట్టెలు, తలుపు సరిగా పడని బీరువా, ఎవరు ఇచ్చారో తెలియని ఒక ట్రంకుపెట్టె, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందుగా, తొందరపడి ఏదీ సర్దకు.

నేను కొత్తలో చేసిన తప్పు అదే. రిటైరై చనిపోయిన ఒక గుమాస్తా గారి ఇంటివాళ్లు మూడు కట్టలు తెచ్చి ఇచ్చారు. తాడు ముడులు, మధ్యలో చిన్న చిన్న కాగితపు చీటీలు. చిందరవందరగా ఉన్నాయనుకుని అన్నీ విప్పి, తేదీల వారీగా పేర్చి, చీటీలు పారేశాను. రెండు నెలలు పట్టింది. కొన్నేళ్లకి ఒక పరిశోధకుడు వచ్చి, హాస్టల్ విద్యార్థుల ఫిర్యాదు మీటింగుకు వెళ్లినప్పుడు దానితోపాటు ఏయే కాగితాలు వెళ్లాయని అడిగాడు. అప్పుడు అర్థమైంది. ఆ గుమాస్తా గారు ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు, ఖర్చు లెక్క, మీటింగు తీర్మానం, ఒక్కో గొడవకి సంబంధించినవన్నీ ఒక్కో చీటీ కింద పెట్టుకున్నారు. ఆ వరుసే ఆయన చెప్పిన చరిత్ర. దాన్ని నేను చెరిపేశాను. మళ్లీ కూర్చడం ఎవరి వల్లా కాలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈ విషయంలో మన వృత్తికి పాత నియమం ఉంది. ఒక ఆఫీసు నుంచి గానీ ఒక మనిషి నుంచి గానీ వచ్చిన కాగితాలను ఇంకొకరి వాటితో కలపకూడదని ఫ్రాన్స్‌లో 1841లోనే ఆదేశం ఇచ్చారు. వాళ్లు పెట్టుకున్న వరుసను కూడా కాపాడాలని 1898లో ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు తమ పుస్తకంలో గట్టిగా రాశారు. కాబట్టి కట్ట విప్పే ముందు ఫోటో తీయి. చీటీ ఉంటే ఎక్కడుందో అక్కడే ఉంచు. ఒక రిజిస్టరు పెట్టి, ఎవరిచ్చారు, ఎప్పుడు, ఏ గదిలోంచి వచ్చింది, ఏమైనా షరతులు పెట్టారా అన్నది అదే రోజు రాసెయ్యి. రేపు రాద్దామనుకున్నావంటే నీ ట్రంకుపెట్టె లాంటివి ఇంకో నాలుగు తయారవుతాయి. ఇచ్చినవాళ్లతో ఒక పేజీ ఒప్పందం రాయించుకోవడం కూడా మర్చిపోకు. కాగితం మనదవడం వేరు, అందులో రాసినదాని మీద కాపీరైటు మనకు రావడం వేరు.

కాగితం సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది చేతికి వచ్చే పనే. రబ్బరు బ్యాండ్లు, జెమ్ క్లిప్పులు, తుప్పు పట్టిన పిన్నులు తీసెయ్యి. స్టేప్లర్ పిన్ను లాగితే కాగితం చిరుగుతుంది, కాళ్లు రెండూ మెల్లగా పైకి లేపి తియ్యి. సెల్లోటేపు అంటించకు, దాని జిగురు పసుపు మరకై లోపలికి ఇంకుతుంది. లామినేషన్ అసలు వద్దు, మళ్లీ ఊడదీయలేం. న్యూస్‌పేపర్ కత్తిరింపులు వాటంతటవే పెళుసైపోతాయి, పక్కనున్న కాగితాన్ని కూడా పాడుచేస్తాయి. వాటిని ఆమ్లం లేని కాగితం మీద కాపీ తీసి, అసలుది విడిగా పెట్టు. పగలంతా ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కంటే, కాస్త వెచ్చగా ఉన్నా ఒకే తీరుగా ఉండే పొడి గది నయం. ఎప్పుడైనా నీళ్లు చేరితే 48 గంటల్లోపే బూజు మొదలవుతుంది. ఆలోగా ఆరబెట్టలేనన్ని తడిస్తే, ఫ్రీజర్లో గడ్డకట్టించి ఆపొచ్చు. ఆ ఫ్రీజర్ ఎక్కడ దొరుకుతుందో ఇప్పుడే కనుక్కుని ఉంచు.

ఇక అసలు విషయం. నీ గదిలో ఉన్నవాటిలో పాలకమండలి తీర్మానాలు, స్నాతకోత్సవ ప్రసంగాలు, శంకుస్థాపన ఫోటోలు ఎక్కువగా ఉంటాయి. వంటవాళ్లు, వాచ్‌మెన్లు, ల్యాబ్ అటెండర్లు, గేటు బయట జెరాక్స్ షాపు పెట్టుకున్నవాళ్లు, క్యాంపస్ కట్టకముందు ఆ నేల మీద బతికినవాళ్లు అందులో కనిపించరు. కనిపించినా పేరు ఉండదు.

ఒక ఫోటో గురించి చెబుతాను. హాస్టల్ మెస్ ముందు తీసిన గ్రూప్ ఫోటో. ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న ఐదుగురి పేర్లు కింద టైపు చేసి ఉన్నాయి. వెనక నిలబడ్డ పద్నాలుగు మందిని ‘సిబ్బంది’ అని ఒక్క మాటతో సరిపెట్టారు. దాని పెద్ద ప్రింటు తీయించి, అక్కడ పనిచేసి మానేసిన ఒక ముసలావిడ దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో ముఖం మీద వేలు పెట్టి పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. ఈయన వండుతూ పాడేవాడు, ఈ అబ్బాయి తర్వాత ఇక్కడే డిగ్రీ చదివాడు, ఈ పిల్ల నా చెల్లెలు. పదకొండు మంది పేర్లు దొరికాయి. మిగతా ముగ్గురిని గుర్తుపట్టగల మనిషి ఒకాయన ఉండేవాడు గానీ అంతకు ముందు ఏడాదే పోయాడని చెప్పింది. ఆ ఫోటో ఇంకో వందేళ్లు ఉంటుంది. ఆ మూడు పేర్లు మాత్రం ఇక రావు.

అందుకే నీ సమయంలో సగం మనుషులకివ్వు. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో అలన్ నెవిన్స్ అనే చరిత్రకారుడు 1948లో మనుషుల జ్ఞాపకాలను రికార్డు చేసి దాచడం మొదలుపెట్టినప్పుడు ఎక్కువగా పేరున్నవాళ్లనే అడిగారు. నువ్వు పేరున్నవాళ్ల నుంచి కాకుండా, కాగితాల్లో పేరు లేనివాళ్ల నుంచి మొదలుపెట్టు. వాళ్లింటికే వెళ్లు. ఫ్యాను చప్పుడు లేని చోట కూర్చో, తేదీ, చోటు, మాట్లాడేవాళ్ల పేరు ముందే రికార్డులో చెప్పు. పాత ఫోటో ఒకటి చేతికిస్తే ప్రశ్నల పట్టికకంటే ఎక్కువ మాటలొస్తాయి. వాళ్లు ఆగితే నువ్వు అందుకోకు, ఆగనివ్వు. అయ్యాక అనుమతి పత్రం చదివి వినిపించి, ఏ భాగం ఎవరూ వినకూడదో అడిగి రాసుకో. విద్యార్థుల క్రమశిక్షణ ఫైళ్లు, మార్కులు, వైద్యం కాగితాలు కూడా అంతే, తగినంత కాలం గడిచేదాకా మూసే ఉంచాలి. ఎవరు ఎంత ఒత్తిడి చేసినా సరే.

ఇంట్లోవాళ్లు ఆల్బమ్ ఇవ్వడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకు. అక్కడే స్కాన్ చేసుకుని, ఒక మంచి ప్రింటు వాళ్లకిచ్చి, అసలుది వాళ్ల చేతికే ఇచ్చి రా. ఒకసారి అలా తిరిగిచ్చావంటే పక్కింటివాళ్లు వాళ్లంతట వాళ్లే పిలుస్తారు.

స్కాన్ చేసేశాం కదా, ఇక భయం లేదని అనుకోకు. బ్రిటన్‌లో రాజు భూముల, ఆస్తుల లెక్కలు రాయించిన 1086 నాటి డూమ్స్‌డే పుస్తకానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ వాళ్లు బడిపిల్లలతో సహా ఎంతోమంది చేత తమ ఊళ్ల గురించి రాయించి లేజర్ డిస్కుల్లో పెట్టారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులు చదివే యంత్రాలే దొరకడం కష్టమైంది. లీడ్స్, మిషిగన్ యూనివర్సిటీల వాళ్లు కష్టపడి దాన్ని మళ్లీ తెరవగలిగారు. 1086 నాటి పుస్తకం మాత్రం ఇప్పటికీ కంటితో చదవొచ్చు. కాబట్టి మూడు కాపీలు ఉంచు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఫైలు రకాలైతే, ఫోటోలకి టిఫ్, పత్రాలకి పీడీఎఫ్-ఏ, మాటలకి వేవ్ వాడు. ఏటా ఒకసారి తెరిచి చూడు, చెక్‌సమ్‌లు, అంటే ఫైలు మారలేదని తేల్చే అంకెలు, సరిపోతున్నాయో లేదో కూడా. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని అసలు కాపీగా లెక్కపెట్టకు, అది కుదించుకుపోయి వస్తుంది.

క్యాంపస్ వెనక వీధిలో ఎనభై దాటిన ల్యాబ్ అటెండర్ గారొకరు ఉన్నారని, ఎప్పుడో తీరిక దొరికినప్పుడు కలవాలని రాశావు. పెట్టెలు ఇన్నేళ్లు ఆగాయి, ఇంకో వారం ఆగుతాయి. ఈ ఆదివారమే ఆయన దగ్గరికి వెళ్లు. రికార్డరు బ్యాటరీలు ముందురోజే చూసుకో, బీరువాలోంచి సైన్స్ బ్లాక్ ఫోటోలు నాలుగు కాపీ తీసి పట్టుకెళ్లు. వెనక పేర్లు రాసుకోవడానికి మెత్తటి పెన్సిల్ పెట్టుకో, పెన్ను వద్దు. ఆయన ఏం చెప్పారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మేడం