సందేహాలు – సమాధానాలు: బడి అభివృద్ధి ప్రణాళిక ఎవరి కాగితం?

ప్రశ్న: మా అమ్మాయి గాజువాక ప్రాంతంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు రావడం లేదు. ఈ ఏడాది పాఠశాల అభివృద్ధి ప్రణాళికలో ఆ పని చేర్చారో లేదో చూస్తానని అడిగితే, అది కేంద్ర నిధులకు సంబంధించిన ఆఫీసు కాగితమని, తల్లిదండ్రులకు చూపించే ఆనవాయితీ లేదని చెప్పి పంపేశారు. దాన్ని చూసే హక్కు నాకుందా? ఉంటే ఎవరిని అడగాలి?
— ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఉంది. ఆ ప్రణాళికను తయారు చేయవలసింది ఆఫీసు కాదు, పాఠశాల యాజమాన్య కమిటీ. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. అభివృద్ధి ప్రణాళికను రూపొందించి సిఫారసు చేయడం, ప్రభుత్వం నుంచి గాని మరెక్కడి నుంచి గాని వచ్చిన గ్రాంటు ఎలా ఖర్చవుతోందో గమనించడం కమిటీ బాధ్యతలని ఆ సెక్షనే చెబుతోంది. ప్రభుత్వం తన ప్రణాళికలకూ గ్రాంట్లకూ ఆ ప్రణాళికనే ఆధారం చేసుకోవాలని 22వ సెక్షన్ అంటోంది. తల్లిదండ్రులు రాయవలసిన కాగితాన్ని తల్లిదండ్రులకే చూపించబోమనడం ఎంత విడ్డూరమో వేరే చెప్పనక్కరలేదు.

కేంద్ర నిధుల మాటకొస్తే, 2018లో సర్వశిక్షా అభియాన్‌నూ మాధ్యమిక శిక్షా అభియాన్‌నూ ఉపాధ్యాయ శిక్షణ పథకాన్నీ కలిపి ఏర్పరచిన సమగ్ర శిక్ష పథకంలో, మన రాష్ట్రానికి వర్తించే లెక్కన 60 శాతం కేంద్రమూ 40 శాతం రాష్ట్రమూ భరిస్తాయి. డబ్బు ఢిల్లీ నుంచి వచ్చినంత మాత్రాన లెక్క రహస్యమైపోదు. పథకం మార్గదర్శకాల్లో బడికిచ్చే సమ్మిళిత గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది: 101 నుంచి 250 మంది ఉంటే ఏడాదికి 50,000 రూపాయలు, 251 నుంచి 1,000 మంది ఉంటే 75,000, ఆ పైన లక్ష. అందులో కనీసం 10 శాతం పారిశుద్ధ్య పనులకు వాడాలన్న నియమం కూడా ఉంది గనుక, మీ మరుగుదొడ్ల ప్రశ్న నేరుగా ఆ పద్దుకే తగులుతుంది.

మొదట అర్జీదారుగా కాక, కమిటీ ద్వారా అడగండి. ప్రధానోపాధ్యాయులు కమిటీ కన్వీనరు కాబట్టి, మీ తరగతి నుంచి ఎన్నికైన సభ్యులను వెంటబెట్టుకుని వెళ్లి, ప్రణాళిక ప్రతితో పాటు సమావేశాల తీర్మానాల పుస్తకం కూడా చూపించమని రాతపూర్వకంగా కోరి, మీ దగ్గర ఉంచుకునే నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. తీర్మానాలను సక్రమంగా నమోదు చేసి ప్రజలకు అందుబాటులో ఉంచాలని కేంద్రం 2010లో రూపొందించిన విద్యాహక్కు నియమాల్లో ఉంది. ఆ నియమాల ప్రకారం ప్రణాళిక మూడేళ్లకు ఉండి, అందులో ఏడాదికొకటి చొప్పున మూడు ఉపప్రణాళికలు ఉండాలి. తరగతివారీగా పిల్లల అంచనా, అదనంగా కావలసిన ఉపాధ్యాయులు, గదులు, సామగ్రి, వాటికయ్యే డబ్బు అందులో కనిపించాలి. కింద అధ్యక్షుల సంతకమూ కన్వీనరు సంతకమూ ఉండాలి. ఎవరో నింపిన ఫారం మీద అధ్యక్షురాలి చేత సంతకం పెట్టించుకున్నదే ప్రణాళికగా చలామణీ అవుతోందా అన్నది తేలేది తీర్మానాల పుస్తకాన్ని దాని పక్కన పెట్టినప్పుడే. అందుకే రెండూ కలిపి అడగమంటున్నాను.

అలా కుదరకపోతే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. అసలు ఆ చట్టం 4వ సెక్షన్, ప్రతి కార్యాలయమూ తన ప్రణాళికలను, ప్రతిపాదిత ఖర్చులను, విడుదలైన సొమ్ము వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలంటోంది. అది జరగనప్పుడు జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. మండల స్థాయిలో అయితే మన రాష్ట్ర నియమాల ప్రకారం రుసుము ఐదు రూపాయలే. కాగితం వేరే కార్యాలయంలో ఉంటే దరఖాస్తును ఐదు రోజుల్లోగా అక్కడికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే గనుక, ‘ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లండి’ అన్న మాటకు వెనుదిరగవద్దు. మామూలుగా 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, వచ్చింది తృప్తికరంగా లేకపోయినా మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి; ఆ తరువాతది రాష్ట్ర సమాచార కమిషన్‌కు.

దరఖాస్తులో ‘నిధులు దుర్వినియోగం అవుతున్నాయి, విచారించండి’ అని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది గాని సమాచార దరఖాస్తు కాదు. ఇలా రాయండి: ‘ఫలానా పాఠశాలకు సంబంధించి గత మూడు ఆర్థిక సంవత్సరాల అభివృద్ధి ప్రణాళికల ప్రతులు, వాటిని ఆమోదించిన తీర్మానాల ప్రతులు, ఆ సంవత్సరాల్లో సమగ్ర శిక్ష కింద మంజూరైన మొత్తం, ఖర్చు వోచర్ల ప్రతులు, వినియోగ ధ్రువపత్రాల ప్రతులు ఇప్పించగలరు.’ బడి పేరుతో పాటు ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య (యూడైస్) కూడా వేస్తే పొరపాటుకు తావుండదు. బ్యాంకు పాస్‌బుక్ నకలు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. 2021 నుంచి కేంద్ర పథకాల సొమ్మును రాష్ట్ర స్థాయిలో ఒకే నోడల్ ఖాతాలో ఉంచి, కింది వారికి ఖర్చు పరిమితి మాత్రమే ఇచ్చే పద్ధతి వచ్చింది గనుక, పాస్‌బుక్‌లో సున్నా కనిపించినా బడికి గ్రాంటు రాలేదని అర్థం కాదు. అడగవలసింది మంజూరైన పరిమితినీ వోచర్లనూ. పిల్లల పేర్లు, వ్యక్తిగత వివరాలు ఉన్న పేజీలుంటే, సమాచార హక్కు చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వాలి. వాటిని సాకుగా చూపి మొత్తం ఆపకూడదు.

ప్రశ్న: నా పిల్లల చదువులు ఎప్పుడో అయిపోయాయి. మా వీధిలోని బడి ప్రణాళికను నేను అడగవచ్చా?
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: నిరభ్యంతరంగా అడగవచ్చు. సమాచార హక్కు పౌరులందరిదీ. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదని ఆ చట్టం 6వ సెక్షన్‌లోనే ఉంది.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఉంటోంది. మనవడి బడి ‘టైటిల్ వన్’ నిధులు పొందే బడి అనీ, ఫలితాలు బాగాలేనందున దాన్ని ‘సమగ్ర సహాయం, మెరుగుదల’ జాబితాలో చేర్చారనీ ఉత్తరం వచ్చింది. ఆ మెరుగుదల ప్రణాళికను చూడవచ్చా? ఇక్కడి నుంచి నేనే అడగవచ్చా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, ఎంవీపీ కాలనీ

జవాబు: ఉత్తరం చూసి కంగారు పడకండి, అది బడి మూసివేత నోటీసు కాదు. టైటిల్ వన్ అనేది పేద కుటుంబాల పిల్లలు ఎక్కువగా ఉన్న బడులకు 1965 నాటి చట్టం కింద అక్కడి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సహాయం. ఆ చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, ఆ నిధులు పొందే బడుల్లో ఫలితాలపరంగా అట్టడుగున ఉన్న కనీసం 5 శాతాన్నీ, మూడో వంతు లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులు పట్టా పొందలేకపోతున్న ఉన్నత పాఠశాలలనూ రాష్ట్రాలు గుర్తించాలన్నారు. అలా గుర్తించిన బడికి స్థానిక విద్యాజిల్లా (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ), ప్రిన్సిపాల్, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులతో కలిసి మెరుగుదల ప్రణాళిక తయారు చేయాలి. బడి మొత్తానికీ టైటిల్ వన్ నిధులు వాడే చోట, ఆ బడి ప్రణాళిక తల్లిదండ్రులకే కాక ప్రజలందరికీ అందుబాటులో ఉండాలని, సులువుగా అర్థమయ్యేలా, వీలైనంతవరకు తల్లిదండ్రులకు తెలిసిన భాషలో ఉండాలని చట్టం చెబుతోంది. తెలుగు ప్రతి దొరుకుతుందని భరోసా ఇవ్వలేను గాని, అడగడంలో తప్పులేదు.

మీ అమ్మాయి ముందుగా బడి కార్యాలయాన్నీ, ఆ తరువాత విద్యాజిల్లా కార్యాలయాన్నీ అడగాలి. వాషింగ్టన్‌కు సమాచార దరఖాస్తు పంపితే ప్రయోజనం లేదు. అక్కడి కేంద్ర సమాచార చట్టం కేంద్ర కార్యాలయాలకే వర్తిస్తుంది, విద్యాజిల్లాలు ఆయా రాష్ట్రాల చట్టాల కిందికి వస్తాయి. కొన్ని రాష్ట్రాలు తమ వారికి మాత్రమే ఆ హక్కు ఇచ్చాయి కాబట్టి, విశాఖ నుంచి మీరు రాయడం కంటే తల్లిగా ఆమె అడగడమే మేలు. టైటిల్ వన్ బడి ఏటా తల్లిదండ్రుల సమావేశం పెట్టి తీరాలి. మెరుగుదల నిధుల్లో తమ బడికి ఎంత వచ్చిందో, దేనికి వాడుతున్నారో ఆ సమావేశంలో నలుగురి ముందూ అడగమనండి.