హోలీ భంగు, సెలైన్ సీసా, డోప్ పరీక్ష: బరిలో దిగేవారి ప్రశ్నలు

హోలీ నాడు మా గల్లీలో అందరూ భంగు ఠండాయి తాగుతరు. నేను కుస్తీ ఆడత. పన్నెండు రోజుల తర్వాత పోటీలున్నయి. భంగు గంజాయి కాదు, చట్టం కూడా ఏమనదు అంటున్నరు. పరీక్షలో దొరుకుతదా? (ధూల్‌పేట)

దొరుకుతుంది. భంగు, గంజాయి, చరస్ మూడూ ఒకే మొక్క నుంచి వచ్చేవే. 1985 నాటి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు అని చెప్పి, కొనలు కలవని ఆకునీ గింజనీ పక్కన పెట్టింది. మీరు విన్న మాట అక్కడ పుట్టింది. ఆకు మీద ఎక్సైజ్ వాళ్ల లెక్క వేరే. మీకు కావాల్సింది ల్యాబ్ లెక్క. ల్యాబ్‌కు ఆకా, కొనా అన్న పట్టింపు లేదు. అందులోని మత్తు పదార్థం టీహెచ్‌సీ ఒంట్లో విరిగాక మిగిలే కార్బాక్సీ-టీహెచ్‌సీ మూత్రంలో ఎంతుందో చూస్తుంది. పరిమితి మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు. కొలతలో తేడాకు కొంత విడిచిపెట్టి, 180 దాటితేనే పాజిటివ్ రాస్తారు. 2013 వరకు ఈ పరిమితి 15 మాత్రమే ఉండేది.

పన్నెండు రోజులు సరిపోతాయా అంటే, ఎప్పుడో ఒకసారి తాగేవాడికి మామూలుగా కొన్ని రోజుల్లోనే తగ్గిపోతుంది. రోజూ అలవాటున్నవాడికి వారాలు పడుతుంది, నెల దాటినా ఆశ్చర్యం లేదు. టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుని కొద్దికొద్దిగా బయటికొస్తుంది మరి. పైగా భంగుతో ఇంకో చిక్కుంది. పొగ నిమిషాల్లో ఎక్కుతుంది, తాగిన భంగు ఎక్కడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ‘ఏం కాలేదే’ అని రెండో గ్లాసు ఎత్తుతారు. ఆ గ్లాసులో ఎంత నూరి కలిపారో కలిపినవాడికే తెలియదు. అందుకే ఫలానా తేదీ దాటితే భయం లేదని మేం రాయం.

అసలు మెలిక ఇంకోటి. డోపింగ్‌ను అరికట్టే ప్రపంచ సంస్థ వాడా. దాని జాబితాలో టీహెచ్‌సీ నిషేధం పోటీ సమయానికే. పోటీకి ముందురోజు రాత్రి 11:59కి మొదలై, పోటీ అయి శాంపిల్ తీసుకునేదాకా అది పోటీ సమయమే. హోలీ నాడు తాగడం ఆట నియమాల ప్రకారం తప్పు కాదు. కానీ పోటీ రోజు ఇచ్చిన మూత్రంలో అది పరిమితి దాటి కనబడితే తప్పే. ఎప్పుడు తాగారన్నది ఆ తర్వాత శిక్ష దగ్గర పనికొస్తుంది. వాడా 2021 నియమావళి (కోడ్) టీహెచ్‌సీ, కొకైన్, హెరాయిన్, ఎండీఎంఏ నాలుగింటినీ విడిగా పెట్టింది. పోటీ సమయానికి బయట, ఆటతో సంబంధం లేకుండా వాడినట్టు మీరు రుజువు చేస్తే నిషేధం 3 నెలలు. ఆమోదించిన చికిత్స కార్యక్రమం పూర్తి చేస్తే 1 నెల. రుజువు భారం మీ మీదే, వాళ్ల మీద కాదు. నిషేధం నెలే అయినా ఆ పోటీలో గెలిచిన పతకం మాత్రం పోతుంది. అమెరికా స్ప్రింటర్ షకారీ రిచర్డ్‌సన్ 2021లో ఆ నెల నిషేధంతోనే టోక్యో ఒలింపిక్స్ వంద మీటర్ల పరుగు పోగొట్టుకుంది.

మా తాలీంలో ఒక పిల్లగాడు, డోపింగ్ వాళ్లు వచ్చిండ్రని తెలిసి వెనక గేటు నుంచి పోదామంటున్నడు. పోతే ఏమైతది? (బార్కస్)

4 ఏళ్లు అవుతుంది. పిలిచాక శాంపిల్ ఇవ్వకపోయినా, తప్పించుకు పోయినా శిక్ష 4 ఏళ్ల నుంచే మొదలు. కావాలని చేయలేదని తేల్చగలిగితే కొన్ని సందర్భాల్లో 2కి తగ్గుతుంది. ఒక నెలతో పోయే గంజాయి కేసును నాలుగేళ్లకు పెంచుకోవడం కన్నా తెలివితక్కువ పని ఉండదు.

లోపల ఏం జరుగుతుందో ముందే చెప్పండి, సగం భయం అక్కడే పోతుంది. నోటీసు చూపించి సంతకం తీసుకుంటారు. అప్పటి నుంచి ఒక మనిషి కంటికి కనబడేంత దూరంలో వెంటే ఉంటాడు. పతకాల కార్యక్రమం, ఇంకో బౌటు, దెబ్బకు చికిత్స, కోచ్‌ని వెతుక్కోవడం లాంటి వాటికి ఆలస్యం అడగొచ్చు, ఆ మనిషి మాత్రం పక్కనే ఉండాలి. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. సీలు తీయని పాత్రల్లోంచి పిల్లవాడే ఒకటి ఎంచుకోవాలి. చొక్కా ఛాతీ దాకా, ప్యాంటు మోకాళ్ల దాకా, చేతులు మోచేతుల దాకా విప్పించి, అతని లింగానికే చెందిన అధికారి ఎదురుగా చూస్తాడు. ఇక్కడే సిగ్గుతో చాలామంది ఆగిపోతారు. కనీసం 90 మి.లీ. కావాలి. తక్కువైతే ఇచ్చింది సీలు చేసి పక్కన పెట్టి, మిగతాదానికి ఆగుతారు. ముందు ‘బి’ అని రాసిన సీసాలో 30, తర్వాత ‘ఎ’ అని రాసిన సీసాలో 60 పోసి, మూత కిటకిటమని ఇక తిరగనంత వరకు అతనే బిగించాలి. సీసా, మూత, పెట్టె మీది నంబర్లు ఒకటేనా, ఫారంలో అవే రాశారా చూసుకోవాలి. పాత్రలో మిగిలిన చుక్కలతో చిక్కదనం కొలుస్తారు. 1.005 కన్నా పలచగా ఉంటే మళ్లీ ఇవ్వాలి (150 మి.లీ. పైన ఇస్తే హద్దు 1.003). కాబట్టి మూడు లీటర్ల నీళ్లు తాగి ‘కడిగేద్దాం’ అనుకున్నవాడు రాత్రి పదింటి దాకా ఆ కుర్చీలోనే కూర్చుంటాడు. గత 7 రోజుల్లో వాడిన మందులు, ఆకుమందులు, పొడులు అన్నీ ఫారంలో రాయించండి. ఏదైనా పద్ధతి తప్పితే అక్కడే వ్యాఖ్య రాసి సంతకం పెట్టాలి.

57 కిలోల తరగతి, రెండు కిలోలు ఎక్కువున్న. లాసిక్స్ గోళీ వేసి దింపి, తర్వాత బస్తీ క్లినిక్‌లో సెలైన్ ఎక్కించుకుంటే నడుస్తదా? (మల్లేపల్లి)

ఒకే రోజు రెండు తప్పులు. ఫ్యూరోసెమైడ్ (లాసిక్స్ అంటే ఇదే) లాంటి నీరు దింపే మందులు ఏడాదంతా నిషేధం, పోటీ ఉన్నా లేకున్నా. అవి వేరే మందుల జాడను పలచన చేసి దాస్తాయని జాబితాలో పెట్టారు. నీటితోపాటు పొటాషియం కూడా పోతుంది. అందుకే పట్టులో పిక్కలు పట్టేస్తాయి, కొందరికి గుండె లయ తప్పుతుంది.

సెలైన్ సంగతి చాలామందికి తెలియదు. 12 గంటల్లో 100 మి.లీ. కన్నా ఎక్కువ నరం ద్వారా ఎక్కిస్తే అది నిషేధిత పద్ధతి. ఆసుపత్రి చికిత్స, ఆపరేషన్, రోగ నిర్ధారణ పరీక్షల్లో భాగమైతే తప్ప. బస్తీలో వేలాడదీసే సీసా 500 మి.లీ. ‘బలానికి’ అని ఎక్కించుకున్న సీసాకు ఆసుపత్రి చికిత్స అనే మినహాయింపు రాదు.

నోటితో తాగండి. పోయిన ప్రతి కిలోకూ సుమారు లీటరున్నర, అదీ ఓఆర్ఎస్ కలిపి. లీటరు నీటికి లీటరు ప్యాకెట్ ఒకటి, సగం నీటిలో చిక్కగా కలపొద్దు. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి గ్లాసుడు చొప్పున. ఒక్కసారిగా గటగటా తాగితే కడుపు ఉబ్బి బరిలో వాంతి. తూకం, కుస్తీ ఒకే పొద్దున ఉంటే రెండు కిలోల నీరు వెనక్కి రాదు, ఆ లెక్కతోనే తరగతి ఎంచుకోండి. ఇంకో మాట, ఆవిరి గదిలో చెమటతో గంజాయి పోదు. పోయేది నీరు, టీహెచ్‌సీ ఉండేది కొవ్వులో.

ఫైట్‌కు ముందు దమ్ము కోసం జిమ్‌లో ఒక ఇంజెక్షన్ ఇస్తామంటున్నారు. పేరు మెఫెంటర్మిన్. (కూకట్‌పల్లి)

ఆపరేషన్ బల్ల మీద పడిపోయిన బీపీని లేపే మందు అది. బాగున్నవాడు వేసుకుంటే గుండె దడ, బీపీ ఒక్కసారిగా ఎగబాకడం. పోటీ సమయంలో నిషేధం, పైగా గంజాయికున్న 3 నెలల సడలింపు దీనికి లేదు. లెక్క 4 ఏళ్ల నుంచి మొదలవుతుంది. ఇచ్చేవాడి దగ్గర మందు చీటీ అడిగి చూడండి, అక్కడే తేలిపోతుంది.

పక్కవాళ్లు తాగిన పొగతో నాకు పాజిటివ్ వస్తుందా? (అమీర్‌పేట)

మామూలుగా పక్కన కూర్చుంటే 150 దాకా రాదు. విచారణలో ఈ సాకు చెప్పకండి, నమ్మరు.

శ్రమ తీరడానికి కల్లు తాగితే పరీక్షలో పోతామా? (ఉప్పల్)

మద్యం 2018 నుంచి వాడా జాబితాలో లేదు. చెట్టు నుంచి దింపిన కల్లుతో డోపింగ్ గొడవ లేదు. భయం కల్తీ కల్లుతో. అందులో అల్ప్రాజోలమ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఇవీ నిషేధిత జాబితాలో లేవు, కాబట్టి పరీక్ష నెగటివే రావొచ్చు. కానీ ఆ మత్తులో ముఖాన్ని కాచే చేయి (గార్డ్) అరక్షణం ఆలస్యంగా లేస్తుంది, దవడ మీది దెబ్బకు అంత చాలు. రోజూ తాగేవాడు పోటీ కోసమని ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. డాక్టర్ దగ్గరే మెల్లగా మానాలి.

యూఎఫ్‌సీలో గంజాయి తప్పు కాదంట. మన దగ్గర ఎందుకు తప్పు? (గచ్చిబౌలి)

నియమం రాసేవాళ్లు వేరు. అమెరికాలో ఎంఎంఏ (అన్ని రకాల పట్లూ దెబ్బలూ కలిసిన పోరు) పోటీలు నడిపే కంపెనీ యూఎఫ్‌సీ 2021 జనవరిలో టీహెచ్‌సీ పాజిటివ్ ఒక్కటే ఉంటే శిక్ష వేయడం ఆపింది. ఆ ఏడాదే నెవడా రాష్ట్రంలో పోటీలను చూసుకునే కమిషన్ కూడా అదే దారి పట్టింది. అంతకుముందు అమెరికాలోనూ కఠినమే. 2000 అక్టోబర్‌లో బాక్సర్ ఆండ్రూ గొలోటా మీద మైక్ టైసన్ గెలుపు గంజాయి పాజిటివ్‌తో చెల్లకుండా పోయింది. 2007లో ఎంఎంఏ ఫైటర్ నిక్ డియాజ్‌కు 175 నానోగ్రాములు వచ్చాయని గోమీ మీద గెలుపు రద్దు చేశారు. ఆ 175 ఈరోజు వాడా ల్యాబ్‌లో పాజిటివ్ కాదు!

మన బాక్సింగ్, కుస్తీ సమాఖ్యలు వాడా కోడ్ కిందికి వస్తాయి, పరీక్ష చేసేది మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా. వాడా 2022లో గంజాయిని మళ్లీ పరిశీలించి జాబితాలోనే ఉంచింది. ప్రైవేట్ ఎంఎంఏ పోటీ అయితే మీరు సంతకం పెట్టే ఒప్పందంలో ఏం రాశారో చూడండి. ఏ ఆటలోనైనా, నగరంలో పోలీసులకు దొరికితే ఎన్‌డీపీఎస్ చట్టం వర్తిస్తుంది. గంజాయి వాడినందుకే 6 నెలల వరకు జైలు, లేదా 10 వేల వరకు జరిమానా, లేదా రెండూ.

మా పదహారేళ్ల బాబు బాక్సింగ్ ఆడతాడు. బ్యాగులో గంజాయి పొట్లం కనబడింది. కోచ్‌కు చెప్పాలా? (సికింద్రాబాద్)

ముందు బాబుతో మాట్లాడండి, రోజూనా ఎప్పుడోనా తెలుసుకోండి. అలవాటైతే 14446కు ఫోన్ చేయండి, డ్రగ్స్ మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలోనూ చికిత్స ఉంది. అలవాటు పడినవాడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళితే, వాడకం కేసుల్లో ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. దగ్గర్లో పోటీ ఉంటే కోచ్‌కు చెప్పి ఈసారికి పేరు తీయించండి. మైనర్ కాబట్టి ఎప్పుడైనా డోప్ పరీక్షకు పిలిస్తే పెద్దవాళ్లొకరు వెంట వెళ్లొచ్చు, మీరే వెళ్లండి.