పాత తోలు బెల్టుతో మంగలికత్తికి స్ట్రాప్ (పదును తీర్చడానికి కత్తిని రుద్దే తోలు పట్టా) చేసుకోవచ్చా? దాన్ని ఎలా చూసుకోవాలి?

చేసుకోవచ్చు, అది నిజంగా తోలు బెల్టే అయితే. చాలావాటికి లోపల అట్ట, పైన ప్లాస్టిక్ పూత ఉంటాయి. కొస కోసి చూడండి: పీచుపీచుగా ఉంటే తోలు, పొరలుగా ఊడొస్తే పక్కన పెట్టేయండి. కుట్లు, అచ్చు డిజైన్లు ఉన్నది కూడా వద్దు. మందం 2-3 మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. బెల్టు వెడల్పు కత్తి అలుగు పొడవు కన్నా తక్కువే కాబట్టి కత్తిని కాస్త ఏటవాలుగా లాగాల్సి వస్తుంది.

కొత్తవాళ్లు వేలాడదీయకుండా చదునైన చెక్కకు అంటించుకోవడమే మేలని నా అభిప్రాయం. వేలాడే పట్టా కొంచెం వదులైనా పదును గుండ్రబడుతుంది. నున్నటి వైపు పైకి రావాలి. జిగురు పలచగా రాసి, బరువు పెట్టి రాత్రంతా ఆరనివ్వండి.

అసలు తంటా అంతా లాగడంలోనే. ఎప్పుడూ కత్తి వీపు (పదునుకు ఎదురుగా ఉండే మందపాటి అంచు) ముందు నడవాలి, పదును దాని వెనక రావాలి. చివరికొచ్చాక కత్తిని వీపు మీదే దొర్లించి వెనక్కి తిప్పండి. పదును మీద తిప్పారో, తోలూ తెగుతుంది, పదునూ పోతుంది. నొక్కకండి, కత్తి బరువు చాలు.

వాడేముందు పొడి అరచేత్తో నాలుగుసార్లు రుద్దండి. దుమ్ము పోతుంది, చేతి జిడ్డు కాస్త తోలుకు పడుతుంది. మరీ ఎండితేనే నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ల నుంచి తీసే, తోలుకు రాసే నూనె) రెండు చుక్కలు; ఎక్కువైతే తోలు మెత్తబడి పాడవుతుంది. తడి, ఎండ తగలనివ్వకండి. చిన్న గాట్లను సన్నటి ఉప్పుకాగితంతో నున్నగా చేయొచ్చు. క్రోమియం ఆక్సైడ్ పేస్టు (పదునుకు మెరుగుపెట్టే పచ్చటి పేస్టు) వాడాలనుకుంటే దానికి వేరే తోలు ముక్క పెట్టుకోండి, ఒకసారి రాశాక పూర్తిగా వదలదు.