నేల సంగతి ముందు చూడు తల్లీ

చిట్టితల్లీ,

వెటర్నరీ కాలేజీ బిల్డింగ్ డిజైన్ నీ చేతికొచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. నిద్రపోతున్న మీ పెద్దమ్మని లేపి మరీ చెప్పాను, ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. కుక్కని చూస్తే మంచమెక్కేదానివి, నీకీ పని రావడమేంటో!

గ్రీన్ బిల్డింగ్ అట, దానికి 'గృహ' (GRIHA) అని మన దేశంలో ఇచ్చే రేటింగ్ కావాలట. మంచిదే. పొడుగు గోడలు ఉత్తర దక్షిణాల వైపు తిరిగి ఉండేలా పెట్టడం, సోలార్, ఇంకుడు గుంతలు, మన కడప బండలు, ఇవన్నీ నీకు తెలిసినవే.

నా భయమంతా నేల గురించి. నా సర్వీసులో ఒక కాలేజీలో (పేరెందుకులే) పెద్ద పశువుల వార్డులో అద్దంలాంటి టైల్స్ వేశారు. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఆ వానాకాలం, ఈనలేక అవస్థపడుతున్న గేదెను ట్రాలీలో తెచ్చారు. దూడను లాగాం, బతికింది. అలా లాగిన కాన్పులో కటి లోపలి నరం నలిగితే వెనక కాళ్లు పట్టు తప్పుతాయి. ట్రావిస్‌లోంచి (గొడ్డును కదలకుండా నిలబెట్టే చట్రం) విప్పి రెండడుగులు వేయించామో లేదో, ఉమ్మనీరు, ఫినాయిల్ నీళ్లు కలిసిన ఆ టైల్స్ మీద జారి కాళ్లు రెండూ చెరోవైపుకీ చీలిపోయాయి. 5 క్వింటాళ్ల గొడ్డు. గోనెసంచులు పరిచాం, ఇసుక పోశాం, తాళ్లేసి ఎత్తాం. గంటలకొద్దీ ఒకే పక్కన పడుంటే దాని బరువుకే కింది కండరాలు చచ్చిపోతాయి, ఇక ఏ మందూ లేపలేదు. మూడోనాడు పోయింది. గేదె గలావిడ మమ్మల్ని ఒక్క మాటా అనకుండా దూడని ఎత్తుకుని వెళ్లిపోయింది. కాంట్రాక్టరు బిల్లు మాత్రం ఎప్పుడో పాసైంది.

అందుకని గొడ్డు కాలు పెట్టే ప్రతి చోటా, ట్రాలీ దించే ర్యాంపు మీద కూడా, కాంక్రీటు పచ్చిగా ఉండగానే అడ్డదిడ్డంగా గాట్లు పెట్టించు. వార్డులో 40 అడుగులకు ఒక అడుగు వాలు చాలు, ఎక్కువైతే అదీ జారుడే. టైల్స్ ప్రిన్సిపాల్ గదిలో వేసుకోమను.

పేడతో గోబర్ గ్యాస్ అన్నావట. పెట్టు, కానీ వార్డు కడిగిన ఫినాయిల్ నీళ్లు, యాంటీబయాటిక్స్ ఇచ్చిన గొడ్ల పేడ అందులో పడితే గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు చస్తాయి, ప్లాంటు మూలన పడుతుంది. డ్రైన్లు మొదట్నుంచే వేరుగా గీయి. కళేబరాల బండి వెనక గేటునుంచే రావాలి, ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచుల గది కూడా అక్కడే. అనాటమీ హాల్లో ఫ్యాన్ పైకప్పు దగ్గర పెట్టి చేతులు దులుపుకోకు, కోసి చూసే కళేబరాలు కుళ్లకుండా వాడే ఫార్మలిన్ ఆవిరి పిల్లల ముక్కుల మీదుగా పైకెళ్తుంది. టేబుల్ దగ్గరే కిందికి లాగెయ్యాలి. ఫస్టియర్‌లో నేను ఇంటికొస్తే మీ నానమ్మ చొక్కా వాకిట్లోనే విప్పించేది, ఆ కంపుకి.

గీతలు గీసే ముందు ఒక పొద్దున ఏదైనా పశువుల ఆసుపత్రిలో ఓపీ చూడు. గమ్ బూట్లు వేసుకుని పో, ఏమీ తినకుండా ఎండలో నిలబడకు, నీ సంగతి నాకు తెలుసు. డ్రైన్ల షీటు మాత్రం పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి తీసుకురా, ఫోన్లో పంపితే నాకు గీతలు కనపడవు.

మీ పెద్దనాన్న